షుగర్ టెస్టులో ఆయనకు 6.1, నాకు 5.8. ఇద్దరం కలిసి మారాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కాకినాడమ్మాయి:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు మనసు ఆగక రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది కాకినాడ, ఉండేది హైదరాబాద్ మియాపూర్‌లో. మావారికి 41, నాకు 36, ఏడేళ్ల బాబు, అత్తయ్య మాతోనే ఉంటారు. పోయిన నెల మావారి ఆఫీసులో అందరికీ హెల్త్ చెకప్ చేయించారు. పరగడుపున షుగర్ 112, హెచ్‌బీఏ1సీ (గడచిన రెండు మూడు నెలల షుగర్ సగటు చూపించే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. బరువు 84. ఇది ఇంకా షుగర్ కాదు, దాని ముందు మెట్టు, ఇప్పుడే మందు అక్కర్లేదు, ఓ ఆరు కిలోలు తగ్గి రోజూ నడవండి, ఆరు నెలలకు మళ్లీ చూద్దాం అన్నారు డాక్టరుగారు. మా మామయ్యగారు షుగర్‌తో కిడ్నీలు పాడై నాలుగేళ్ల క్రితం పోయారు. చివరి ఏడాదిన్నర వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లింది మావారే. కాబట్టి ఆయనకి భయం లేదని అనుకోను. భయం ఉండీ ఒక్క మాట బయటికి అనరు, అదే నా బాధ.

నేను చేసిన పని కూడా చెప్తాను. రిపోర్టు వచ్చిన మర్నాటి నుంచే ఆయనకి వేరే వంట మొదలుపెట్టాను. రాత్రిపూట ఆయనకి జొన్నరొట్టె, మాకు అన్నం. మేం ముగ్గురం ముద్దపప్పులో నెయ్యి వేసుకుని తింటుంటే ఆయన పక్కనే కూర్చుని రొట్టె తుంచుకుని తినేవారు. పది రోజులు ఏమీ అనలేదు. తర్వాత ఓ రోజు బండి డిక్కీలో మిరపకాయ బజ్జీలు కట్టిన కాగితం కనిపించింది. అడిగాను, గొడవైంది. "నువ్వు నాకు భార్యవా, కాపలాదానివా" అన్నారు. అత్తయ్య లోపల్నుంచి "పోనీలే అమ్మా, ఒక్కరోజుకి ఏమవుతుంది" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ మర్నాడు ఏమనిపించిందో ఏమో, నేనూ వెళ్లి టెస్టు చేయించుకున్నాను. 5.8. బాబు కడుపులో ఉన్నప్పుడు ఏడో నెలలో నాకు షుగర్ వచ్చింది, కాన్పయ్యాక పోయిందన్నారు. తర్వాత మళ్లీ చూపించుకోమని ఎవరూ చెప్పలేదు, నేనూ పట్టించుకోలేదు. ఏడేళ్లలో ఇదే మొదటిసారి. ఈ సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.

ఇలా భార్యాభర్తలు ఇద్దరూ కలిసి మార్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఇంట్లో నిజంగా ఏం చేశారో చెప్పండి. డైట్ చార్టులు నా ఫోన్లో చాలా ఉన్నాయి. గొడవ లేకుండా ఎలా చేశారన్నదే నాకు కావాలి.

మున్నేటి ఒడ్డు:

చెల్లెమ్మా, మాది ఖమ్మం, బ్యాంకులో పని, నాకు 49. ఆ జొన్నరొట్టె పళ్లెం ముందు నేనూ కూర్చున్నాను కాబట్టి అటువైపు నుంచి చెప్తాను.

నాలుగేళ్ల కింద నాకు 6.2 వచ్చింది. మా ఆవిడ అచ్చం నీలాగే చేసింది, ప్రేమతోనే చేసింది, నాకు తెలుసు. కానీ పిల్లలు, తను ఒక గిన్నెలోంచి తింటూ నాకు మాత్రం వేరే డబ్బాలోంచి పెడుతుంటే నా ఇంట్లోనే నేను రోగినైపోయానని అనిపించేది. రోగం ఇంకా రాలేదు కదా! ఆ కోపం ఆవిడ మీద చూపించలేక బ్యాంకు ఎదురుగా ఉన్న బండి దగ్గర చూపించేవాణ్ణి, రోజూ సాయంత్రం నాలుగు పునుగులు. మీవారి బజ్జీలూ అలాంటివే అయ్యుంటాయి. ఆకలితో తిన్నవి కావు.

మాకు మలుపు ఎక్కడంటే, ఒకరోజు ఆవిడ నడుముకి టేపు పెట్టి కొలుచుకుని తన నంబరు నాకు చెప్పింది. 94 సెంటీమీటర్లు. "నాకూ తగ్గాలి, నీ పళ్లెంలో ఏముంటే నా పళ్లెంలో అదే ఉంటుంది ఇవాళ్టి నుంచి" అంది. అంతే, ఆ రోజు నుంచి మా ఇంట్లో వేరే వంట లేదు. అందుకే ముందు నీ 5.8 ఆయనకి చెప్పు. అది దాచిపెట్టి ఆయన్ని మార్చాలని చూస్తే ఆయనకి అది ఎప్పటికీ కాపలాగానే కనిపిస్తుంది.

ఇక మేం చేసినవి. అన్నం మానలేదు. నలుగురికి కుక్కర్లో మూడు గ్లాసుల బియ్యం పోసేవాళ్లం, వారానికి కాస్త చొప్పున తగ్గించుకుంటూ రెండు నెలల్లో గ్లాసున్నరకి వచ్చాం. వండింది అయిపోతే ఇక మారు అడగడానికి గిన్నెలో ఉండదు, ఒకరినొకరు వద్దని అనాల్సిన పనీ ఉండదు. దాని బదులు కూర రెట్టింపు చేశాం. ఇదివరకు అరకిలో బెండకాయలు రెండు పూటలు వచ్చేవి, ఇప్పుడు ఒక్క పూటకే అవుతాయి. కూరగాయల ఖర్చు పెరిగింది, అది నిజం. టీ దగ్గర నాకు చాలా కష్టమైంది. రోజుకి ఐదు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు, అంటే పది చెంచాల పంచదార టీలోనే పోతోందని లెక్క వేసుకుంటే నాకే గుండె గుభేలుమంది. ఒకేసారి మానలేదు, చెంచాన్నర, తర్వాత చెంచా, తర్వాత అర, ఇప్పుడు రెండే టీలు, పంచదార లేకుండా.

రాత్రి ఎనిమిదికల్లా తినేసి ఇద్దరం కాలనీ చుట్టూ ఇరవై నిమిషాలు నడుస్తాం, ఫోన్లు ఇంట్లో పెట్టి. మొదటి వారం మాటల్లేవు, ఏం మాట్లాడాలో కూడా తెలియలేదు. తర్వాత పిల్లల ఫీజులు, మా తమ్ముడి అప్పు, ఆవిడ స్కూల్లో జరిగేవి, అన్నీ ఆ నడకలోనే. పన్నెండేళ్లలో మేం అంత మాట్లాడుకోలేదు.

ఇంకో ఒప్పందం: బయట ఏం తిన్నావని తను అడగదు, తిన్నరోజు నేనే చెప్తాను. చెప్పినరోజు తను ముఖం మాడ్చుకోదు. ఇది పాటించడం నాకంటే ఆవిడకే కష్టమైంది అనుకుంటాను.

పద్నాలుగు నెలలకు 5.7, బరువు 82 నుంచి 76. మధ్యలో మా అమ్మాయి పెళ్లి పనుల్లో అన్నీ వదిలేస్తే మళ్లీ 6.0కి పోయింది, మళ్లీ మొదలుపెట్టాం. ఒకసారి తగ్గితే అయిపోయిందనుకోవద్దు, పెళ్లిళ్లు, పండగలు, ఊరెళ్లడాలు వస్తూనే ఉంటాయి.

సగం పళ్లెం కూర:

నేను విజయవాడలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. పైన అన్నగారు చెప్పింది నేను క్లినిక్‌లో రోజూ చెప్పేదే, ఆయన నాకంటే బాగా చెప్పారు. కొన్ని విషయాలు మాత్రం కలుపుతాను, ముఖ్యంగా మీ గురించి అండి, మీవారి గురించి కాదు.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్యలో ఉన్నా, పరగడుపున 100 నుంచి 125 మధ్యలో ఉన్నా ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు మెట్టు, అంటాం. 6.5 లేదా 126కి చేరితే, మళ్లీ చేసిన టెస్టులోనూ అలాగే వస్తే అప్పుడు షుగర్. మీది అంచున ఉందని ఊరుకోకండి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకి తర్వాత టైప్ 2 షుగర్ (పెద్దవాళ్లలో మామూలుగా కనిపించే రకం) వచ్చే అవకాశం మిగతా ఆడవాళ్ల కంటే చాలా ఎక్కువ. కాన్పయ్యాక 4 నుంచి 12 వారాల్లోపు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి ఒకసారి చూడాలి, అప్పుడు మామూలుగా ఉన్నా తర్వాత జీవితాంతం మూడేళ్లకు మించకుండా చూపించుకుంటూ ఉండాలి. ఇప్పుడు 5.8 వచ్చింది కాబట్టి ఇక ఏటా. ఎవరూ చెప్పకపోవడం మీ తప్పు కాదు, ఇది చాలామందికి జరుగుతోంది, బిడ్డ పుట్టాక అందరూ బిడ్డనే చూస్తారు, తల్లి ఫైలు అటకెక్కుతుంది. ఇంకోటి, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. ఐరన్ తక్కువైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా చూపించే అవకాశం ఉంది.

ఇద్దరికీ ఒకేసారి ఎందుకు వచ్చిందని మీరు అడగలేదు గానీ చెప్తాను. కెనడాలోని మెగిల్ యూనివర్సిటీ వాళ్లు 2014లో అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, భార్యకో భర్తకో షుగర్ ఉన్నవాళ్లలో రెండోవారికి వచ్చే అవకాశం 26 శాతం ఎక్కువగా కనిపించింది. ఇద్దరికీ రక్తసంబంధం లేదు కదా. వంటిల్లు ఒకటి, కూర్చునే సోఫా ఒకటి, పడుకునే వేళ ఒకటి. అందుకే నా దగ్గరికి ఒక్కరే వస్తే రెండోసారి ఇద్దరూ రండి అంటాను.

ఇది చేస్తే నిజంగా ఆగుతుందా అని చాలామంది అడుగుతారు. అమెరికాలో 3,234 మంది మీద చేసి 2002లో ప్రకటించిన పెద్ద అధ్యయనంలో, బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లకి షుగర్ రావడం 58 శాతం తగ్గింది. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే. అది వాళ్ల దేశం, వాళ్ల ఒళ్లు అంటారేమో, మన పక్కనే చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో చేసింది కూడా ఉంది, 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 28.5 శాతం తగ్గింది. అక్కడ నాకు ఎప్పుడూ ధైర్యమిచ్చే విషయం ఏంటంటే, వాళ్ల బరువు పెద్దగా తగ్గకపోయినా ఫలితం వచ్చింది. కాబట్టి మొదటి రెండు నెలలు త్రాసు కదలకపోతే నిరాశపడి మానేయొద్దు. మీవారి 84లో 7 శాతం అంటే దాదాపు ఆరు కిలోలే, డాక్టరుగారు చెప్పిన లెక్క అదే.

జొన్నరొట్టె గురించి. రొట్టె మంచిదే, కానీ పెద్దవి మూడు తింటే అందులోనూ పిండిపదార్థం అన్నంలో ఉన్నంత ఉంటుంది. రాగి జావ కూడా అంతే, పల్చగా కాచి గ్లాసుడు తాగితే చక్కెర తొందరగా పెరుగుతుంది, దాని బదులు చిన్న సంకటి ముద్ద, ఆకుకూర పప్పు నయం. పంచదార మానేసి బెల్లం, తేనె వేసుకోవడం వల్ల ఒరిగేదేం లేదు. తెలంగాణ సోనా బియ్యం గురించి కూడా అడుగుతుంటారు, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం, దాని గ్లైసీమిక్ ఇండెక్స్ (జీఐ, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత తొందరగా పెరుగుతుందో చెప్పే అంకె) 51 దగ్గర ఉంటుంది. మామూలు సన్నబియ్యం కంటే మంచిదే, ఇంట్లో అందరూ అదే తినొచ్చు, అయితే అది తక్కువ జీఐ కదా అని రెండు గరిటెలు ఎక్కువ పెట్టుకుంటే లాభం పోతుంది. పళ్లెంలో సగం కూరలూ పళ్లూ ఉండాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తుంది, ముందు ఆ సగాన్ని నింపండి. మొదట నాలుగు ముద్దలు ఉత్త కూర తిని తర్వాత అన్నం కలుపుకుంటే ఇంకా మంచిది.

నడకతో పాటు ఇద్దరూ రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పది పదిహేనుసార్లు లేచి కూర్చోండి. తిన్న చక్కెరను లాక్కుని వాడుకునే వాటిలో కండ ముఖ్యమైనది, తొడ కండరాలు మనకున్న పెద్ద కండరాలు.

ఒంటి నడక:

నేను కొంచెం వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. అందరి భర్తలూ రారు.

మాది అనంతపురం. నాకు 5.9 వచ్చినప్పుడు ఇద్దరం కలిసి నడుద్దామని మా ఆయన్ని అడిగాను. రేపు అన్నారు, ఎండాకాలం పోనీ అన్నారు, వ్యవసాయం పనులున్నాయి అన్నారు. ఆయన టెస్టే చేయించుకోలేదు, ఈరోజుకీ లేదు. ఆయన వస్తారని ఏడాది ఆగాను, ఆ ఏడాదిలో నాది 6.3 అయింది. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని బస్టాండులో కూర్చుని ఏడ్చాను. మర్నాడు పొద్దున ఐదున్నరకి పక్కింటి అక్కని లేపి తీసుకుని వెళ్లాను. ఇప్పటికి రెండేళ్లు, ఆ అక్కే నా జత.

వంట నా చేతిలో ఉంది కదా. నూనె తగ్గించాను, అన్నం తగ్గించాను, అలసందలు, ఉలవలు, పెసలు వారంలో మూడు రోజులు ఉంటాయి. ఆయన ఏమీ అడగలేదు, పెట్టింది తింటారు, ప్యాంటు వదులైందని ఒకసారి అన్నారు. నాది 5.8కి దిగింది. ఆయన నంబరు ఎంతో నాకు తెలియదు, రాత్రిళ్లు దాహంతో లేస్తున్నారేమోనని చూస్తూ ఉంటాను. కలిసి చేస్తే బాగుంటుంది, నీకు ఆ అదృష్టం దొరకాలని కోరుకుంటున్నాను, కానీ ఆయన వచ్చేదాకా నువ్వు మాత్రం ఆగకమ్మా.

తణుకు పెద్దమ్మ:

అమ్మాయ్, అందరూ మొగుడూ పెళ్లాల గురించే రాశారు, మీ అత్తగారి గురించి ఎవరూ రాయలేదు. నాకు 66, నేనూ అత్తగారినే, నాకూ ఆయన షుగర్‌తోనే పోయారు. కాబట్టి ఆవిడ మనసు నాకు తెలుసు.

"ఒక్కరోజుకి ఏమవుతుంది" అన్నారని నీకు కష్టంగా ఉంది కదా. మొగుడికి చివరి రోజుల్లో నీళ్లు కూడా కొలిచి ఇచ్చిన మనిషి ఆవిడ. అరటిపండు పెట్టొద్దు, కొబ్బరినీళ్లు ఇవ్వొద్దు, పప్పు వద్దు, ఉప్పు వద్దు, అడిగినవన్నీ కాదని కాదని చివరికి మనిషే లేకుండా పోయారు. ఇప్పుడు కొడుకు పళ్లెం దగ్గర కూడా అదే మళ్లీ మొదలైందని ఆవిడకి అనిపిస్తుంది. మా అబ్బాయికి వచ్చినప్పుడు నాకూ అలాగే అనిపించింది, కోడలి మీద కోపం వచ్చింది, తర్వాత చాలా సిగ్గుపడ్డాను.

మా కోడలు ఏం చేసిందంటే, వద్దని చెప్పే పని నాకు అప్పగించలేదు, వండే పని అప్పగించింది. "అత్తయ్యా, మీ చిన్నప్పుడు రాత్రికి ఏం తినేవారు" అని అడిగింది. నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తోటకూర పులుసు, చిక్కుడుకాయ కొబ్బరికూర, మునగాకు పప్పు, ఆనపకాయ పాలు పోసి, పొట్టు పెసలతో అట్లు, అరటిదూట పెరుగుపచ్చడి. అరటిదూట తరగడం ఇప్పటి పిల్లలకి రాదు, నేనే కూర్చుని తరుగుతాను. మీ అత్తగారు గోదారి జిల్లావారే అయితే ఇవన్నీ చేతివేళ్ల మీద ఉంటాయి. కొడుక్కి కడుపునిండా పెట్టాలన్న ఆవిడ కోరిక తీరుతుంది, నీకు కావలసిందీ అవుతుంది.

కాకినాడమ్మాయి:

తొమ్మిది రోజులైంది, ఇప్పుడు రాస్తున్నాను. ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

ఖమ్మం అన్నయ్యగారు చెప్పినట్టు ముందు నా రిపోర్టు ఆయన చేతికిచ్చాను. బాల్కనీలో కూర్చుని రెండుసార్లు చదివారు. "నీకెందుకు వచ్చింది" అన్నారు. కాసేపటికి డయాలసిస్ గది గురించి చెప్పారు, ఆ వాసన ఇప్పటికీ ముక్కుకి తగులుతుందట, మామయ్యగారి చేతి మీద సూదులు గుచ్చినచోట ఉబ్బిన నరం మీద చెయ్యి పెడితే జుమ్మని అదిరేదట. రిపోర్టు వచ్చిన రోజు నుంచి తన చెయ్యి చూసుకుంటున్నారట. నాలుగేళ్లలో ఇవి ఒక్కసారీ నాకు చెప్పలేదు. అనంతపురం అక్కా, మీరు రాసింది చదివి నాకు ఎంత దొరికిందో అర్థమైంది, మీవారు కూడా టెస్టుకి ఒప్పుకోవాలని నేనూ కోరుకుంటున్నాను.

రాత్రి భోజనమయ్యాక అపార్ట్‌మెంట్ లోపలే నడుస్తున్నాం, బాబు సైకిల్ మీద మా ముందు. మొదటిరోజు పన్నెండు నిమిషాలకే ఆయన మోకాలు నొప్పి అన్నారు, నిన్న ఇరవై రెండు నిమిషాలు. బియ్యం రెండున్నర గ్లాసుల నుంచి రెండుకి వచ్చాయి. బజ్జీలు శనివారం ఇంట్లోనే, నలుగురికీ కలిపి ఒక్క పళ్లెం, దాచుకుని తినేది లేదు అని ఆయనే పెట్టారు రూలు. పెద్దమ్మగారూ, మా అత్తయ్యది పిఠాపురం. మీరు చెప్పినట్టే అడిగాను. నిన్న మునగాకు తెప్పించుకుని ఒక్కో రెబ్బా దూస్తూ మామయ్యగారికి అదంటే ఎంత ఇష్టమో చెప్తూ కూర్చున్నారు.

ఒక్క సందేహం. పొద్దున టిఫిన్ ఇడ్లీ మానాలా? ఇంకోటి, ఆరు నెలల టెస్టు ఇద్దరం ఒకే రోజు చేయించుకుందాం అనుకుంటున్నాం, దానికి ముందు ఏమైనా జాగ్రత్తలున్నాయా?

సగం పళ్లెం కూర:

ఇడ్లీ మానొద్దండి. ఇద్దరికీ తలా రెండు, మహా అయితే మూడు, సాంబారు మాత్రం గిన్నె నిండా, అందులో సొరకాయ, ములక్కాడ, బెండ ముక్కలు దండిగా. పల్లీ చట్నీ చెంచాతో, గరిటెతో కాదు. వారంలో రెండు రోజులు ఇడ్లీ బదులు పెసరట్టు, ఉప్మా లేకుండా. మీవారి మోకాలు నొప్పి వారం దాటినా ఉంటే నడక ఆపకుండా మంచి బూట్లు కొని, డాక్టరుకి ఒకసారి చూపించండి.

టెస్టుకి ముందు రాత్రి మామూలుగా ఏం తింటారో అదే తినండి. చాలామంది ముందు వారం అన్నం మానేసి వస్తారు, పరగడుపు నంబరు కాస్త తగ్గినా హెచ్‌బీఏ1సీ గడచిన రెండు మూడు నెలలదంతా చూపిస్తుంది. ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా ఏమీ తినకుండా వెళ్లండి, మంచినీళ్లు తాగొచ్చు. ఇద్దరూ అదే ల్యాబుకి వెళ్తే పాత రిపోర్టుతో పోల్చుకోవడం తేలిక. మీ హిమోగ్లోబిన్ కోసం మాత్రం ఆరు నెలలు ఆగకండి, ఈ వారమే చేయించుకోండి.